సున్న

ఊరి పేరు సజా.
దిగిన తొలినాడు బస్సుల నవ్వుకున్నం,
ఉర్దూ తెలిసినోళ్లం గదా.
గా పేరున్న జాగల
పదకొండేండ్లు రాడ్లు కట్టిన.
కొక్కెం తిప్పుడు, తీగ మెలేసుడు,
దినానికి ఎన్ని ముళ్లో లెక్కవెట్టలే.

ఇప్పుడు లెక్కవెట్టుడే సదువు.
సెలవునాడు రోలా బజార్ల
సెల్‌ఫోన్ల దుకాణం మీద, మూడో అంతస్తుల
తొమ్మిదిమందిమి, ఒక రబ్బరు చెయ్యి.
ఫీజు మూడు కిస్తులు.
మెడికల్ అసిస్టెంట్ అని బోర్డు మీద రాసిన్రు.
కంపెనీ కాయితంల నేనింకా హెల్పర్నే.

రబ్బరు చేతికి వెంట్రుకలు లేవు.
సిమెంటు కాల్చిన మచ్చ లేదు.
సూది చూసి మొకం తిప్పుకోదు.
దాని నరంల ఎర్ర రంగు నీళ్లు
ఎవలు పొడిచినా వస్తయి.
మొదటిసారికే అందరం పాసైనం.

నాడి కాడ నేను ఫెయిలు.

ఏలియమ్మ సిస్టర్‌ది పత్తనంతిట్ట,
ముప్పై ఏండ్ల సంది ఈడనే.
నా రెండు వేళ్లు పట్టుకొని
తన మణికట్టు మీద ఆనిచ్చింది.
"ఎంత?"
గోడ మీద చెయ్యి వెట్టినట్టే ఉన్నది నాకు.
వేళ్ల కొసలు తిప్పి చూసి
చెప్పు అట్టను కొట్టినట్టు గోరుతోని టకటక కొట్టింది.
"కాయలు," అన్నది.
బొటనవేలు పెట్టనా అన్న, అది జర మెత్తగుంటదని.
"వద్దు మోనే. దానికి దాని సొంత కొట్టుడున్నది.
ఇంకొకరి చెయ్యి పట్టి
నిన్ను నువ్వే లెక్కవెట్టుకుంటవ్."

రాత్రి అందరు పండినంక
బకెట్ల వేడినీళ్లు, ఉప్పు, మడిమలు రుద్దే రాయి.
పొర మీద పొర తీసిన.
తెల్లటి పొట్టు నీళ్ల మీద తేలింది,
ఉల్లిగడ్డ పొట్టు కన్న మందం.
కొమురెల్లి తలుపు కాడ నిలవడి
"చేతులు కడుగుతున్నవా,
పనినే కడుగుతున్నవా?" అన్నడు.
జవాబు దొరకలే.
పన్నెండో దినం చాయ్ గిలాస
వేలికి సుర్రుమన్నది.
ఇరవయ్యో దినం దొరికింది ఏలియమ్మ నాడి,
బియ్యంల పురుగు కదిలినంత.
"డెబ్బై నాలుగు," అన్న.
ఆమె గడియారం చూసి తల ఊపింది, అంతే.

గీ నెల క్యాంపు క్లినిక్‌ల ప్రాక్టీసు.
కాయితంల ఒక గీత ఉంటది,
సున్న కాడినుంచి పది దాక.
నొప్పి ఎంత అని అడగాలె.
వాళ్లు చెప్పిందే రాయాలె, మన సొంతం రాయొద్దు.
మొదటి దినం ముప్పై ఒక్కమందిని అడిగిన,
హిందీల, వచ్చీరాని బంగ్లాల, సైగల.
ఇరవై ఆరు సున్నలు.

గా సున్న నాకెరుకే.
ఇంటికాడ వీసా మెడికల్‌ల
నడుముకు ఎన్నడన్న దెబ్బ తాకిందా అంటే
నేను గూడ గదే చెప్పిన.
పది అంటే వాపస్ టికెట్టు.
సున్న అంటే రేపటి హాజరు.

మొన్న మాపటీలి వచ్చిండు ఉస్మాన్ ఘనీ, కుమిల్లా మనిషి.
అంగీ గుండీలు తప్పు కాజాలల్ల పెట్టుకున్నడు.
ఏసీ కింద చెమట.
"నొప్పి?"
"శున్నో," అని నవ్విండు.
రాసిన. సున్న.
చెయ్యి పట్టిన.
రెండు వేళ్లే. బొటనవేలు ఎడంగ.
తోలు కింద ఎవలో తలుపు బాదుతున్నరు.
అరనిమిషం, దానికి రెట్టింపు,
నూట ఇరవై ఎనిమిది.
పక్క గడిల గదీ రాసిన.
రెండూ ఆయన చెప్పినయే.

కాయితం బల్ల మీద పెట్టి రాలే.
డాక్టర్ చేతికిచ్చి, ఆ అంకె మీద వేలు పెట్టి నిలవడ్డ.
ఉస్మాన్ నా దిక్కు చూసిండు,
ఇంటిదొంగను చూసినట్టు.
"భాయ్, నేనేం చెప్పలే గదా?"
"చెప్పలే," అన్న.

అంబులెన్సు పొయ్యి నాలుగొద్దులు.
ఆయన మంచం కింద చెప్పులు అట్లనే ఉన్నయి.
నయమైనంక పంపిస్తరో
పంపిచ్చినంక నయమైతదో
ఎవలూ చెప్తలేరు.

నిద్ర రాని కాడ నా చెయ్యి నేనే పట్టుకుంట.
ఈడైతే
బొటనవేలు పెట్టినా తప్పు లేదు.